తవుడు పోసి కొన్నామె

నన్ను ఒకసారి అమ్మారు. పురుటి స్నానం నాడు, చాటలో పడుకోబెట్టి, దోసెడు తవుడికి. ఆ తర్వాత బతుకంతా బేరాల మధ్యే గడిచింది కానీ అంత చవక బేరం మళ్ళీ నా కంటపడలేదు. సరుకును నేనే కాబట్టి ధర గురించి ఫిర్యాదు చేసే హక్కు కూడా నాకు లేదు. కొన్నామె ఈ చలికాలంలో, అశోక్ నగర్‌లోని ఒక ఆడపిల్లల హాస్టల్లో, మధ్యాహ్నం నిద్రలోనే పోయింది.

అప్పటి నుంచీ దుకాణంలో కూర్చుంటే ఒళ్ళు బరువుగా ఉంటోంది. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద మాది మ్యాచింగ్ సెంటర్. చీర తెచ్చి చూపిస్తే దానికి కలిసే జాకెట్టు గుడ్డ, ఫాలు, లంగా గుడ్డ తీసి ఇస్తాం. నాన్న పెట్టిన దుకాణం. ఇప్పుడు చాలామంది చీరతోపాటు కుట్టిన జాకెట్టు కూడా ఫోనులోనే తెప్పించుకుంటున్నారు. మిగిలినవాళ్ళు వచ్చి బేరమాడుతారు. తిరిగి ఆడే ఓపిక నాకే లేకుండా పోయింది. "సరే, తీసుకోండమ్మా" అంటున్నాను. వాళ్ళకు అనుమానం వచ్చి, గుడ్డలో ఏదో లోపం ఉందనుకుని కొనకుండా వెళ్ళిపోతున్నారు.

అమ్మకం సంగతి చెప్పాలి. నాకు ముందు పుట్టిన ఇద్దరూ మా అమ్మకు దక్కలేదు. పిల్లలు నిలవని ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చేసే ఉపాయం ఒకటుంది. పుట్టిన బిడ్డను చాటలో పెట్టి, బయటి మనిషికి తవుడికి అమ్మేస్తారు. ఈ పిల్లవాడు మావాడు కాదు, అమ్మేసుకున్నాం, వీడికోసం మా గుమ్మం ఎక్కొద్దు అని మృత్యువుకు చెప్పడమన్నమాట. కొన్నవాళ్ళు బిడ్డను పెంచుకోమని మళ్ళీ తల్లి ఒళ్ళోనే పెట్టి వెళ్తారు. పిల్లవాడికి ఎవరూ ఆశపడని పేరు ఒకటి పెడతారు. పెంటయ్య, పుల్లయ్య, ఆ వరస. నాకు భిక్షపతి అని పెట్టారు, అడుక్కుని తెచ్చుకున్నవాడని. ఇక చివరి మెలిక ఏమిటంటే, పెళ్ళికి ముందు వాణ్ణి కొన్నవాళ్ళ దగ్గర తిరిగి కొనుక్కోవాలి. వాళ్ళేమి అడిగితే అది ఇవ్వాలి. అప్పటిదాకా లెక్కప్రకారం వాడు వాళ్ళ కొడుకే.

మామూలుగా ఈ పనికి పక్కింటామెనో, చాకలామెనో పిలుస్తారు. మా నాయనమ్మ మాత్రం దుకాణదారు పెళ్ళాం, దుకాణదారు తల్లి. ఆమె తెలివి రెండాకులు ఎక్కువే చదివింది. నారాయణగూడలో నేను పుట్టిన ప్రసూతి ఆసుపత్రి ఆయానే పిలిపించింది. ఆమె క్రైస్తవురాలు.

"వేరే దేవుని ఇల్లు గది. మన యమునికి ఆ గల్లీ ఎరుకలేదు. ఎంకులాడి ఎంకులాడి వాపస్ పోతడు," అందట నాయనమ్మ. ఆ మాట చెప్పుకుని చచ్చేదాకా మురిసిపోయింది.

నాయనమ్మ ఒక్కటి చూసుకోలేదు. ఆ ఆయాకు పిల్లలు లేరు. పెళ్ళయిన కొన్నేళ్ళకే భర్త పోయాడు. రోజూ ఎవరెవరి పిల్లలకో మొదటి స్నానం పోసి, గుడ్డ చుట్టి, తల్లుల పక్కన పడుకోబెట్టి, ఖాళీ చేతులు తుడుచుకునే మనిషి. ఉత్తుత్తి అమ్మకాన్ని, ఆ సరుకు కోసం నిజంగా ఏడ్చేవాళ్ళతో పెట్టుకోకూడదు. గల్లాపెట్టె ముందు కూర్చున్న ఎవరికైనా తెలియాల్సిన మొదటి పాఠం అది. మా ఇంటిల్లిపాదీ బేరగాళ్ళే, ఒక్కరికీ తట్టలేదు.

ఆమె తవుడు పోసింది. నన్ను ఎత్తుకుంది. అమ్మ ఒళ్ళో పెట్టే ముందు నా చెవిలో "సమూయేలు" అందట. "ఏందక్కా అది?" అని అమ్మ అడిగితే, "పేరు. కొన్నదాన్ని నేను గద చెల్లె, పేరు పెట్టుకోనా?" అందట. అందరూ నవ్వారు. అలా నాకు రెండు పేర్లు. అడుక్కున్నవాడని ఇంట్లో ఒకటి, ఆమె నోట మాత్రమే బతికిన పేరు ఇంకొకటి.

మేమంతా ఆమెను ఆయమ్మ అనేవాళ్ళం. అసలు పేరు నాకు తెలిసింది చాలా ఆలస్యంగా. అది ఇక్కడ రాయను.

పొట్టి మనిషి. ఎడమ భుజం కొంచెం కిందికి వాలి ఉండేది, ఎప్పుడూ అటువైపు ఒక పసిబిడ్డ ఉన్నట్టు. దగ్గరికొస్తే ఫినాయిలు వాసన, దాని కింద ఉడుకునీళ్ళ వాసన. గుడ్డ చూసేటప్పుడు అందరిలా వేళ్ళ మధ్య నలిపి చూసేది కాదు. చెంపకు ఆనించుకుని కళ్ళు మూసుకునేది. నాన్నకు అది నచ్చేది కాదు. "ఆయమ్మా, గది తువ్వాల కాదు, జాకెట్టు గుడ్డ," అనేవాడు. "నీకేం ఎరుక సేటూ, చెంపకు గుచ్చింది యాడైనా గుచ్చుతది," అనేది.

బేరంలో ఆమెది ఎవరికీ రాని విద్య. ధర అడిగేది. తనకెంతకు కావాలో అడిగేది. ఆ తర్వాత నోరు మూసుకునేది. అంతే. మాట్లాడదు, కదలదు, గుడ్డ వదలదు. నాన్న ముందు నవ్వేవాడు, తర్వాత కసిరేవాడు, ఇంకో ఇద్దరు గిరాకీలను పంపించి తిరిగి చూస్తే అక్కడే నిలబడి ఉండేది. చివరికి నాన్న చింపి ఇచ్చేవాడు. "అడిగినంక మళ్ళ మాట్లాడొద్దు సేటూ. అడిగినోళ్ళే మాట్లాడితే ఇచ్చేటోళ్ళకు సందేది?" అనేది. నేను ఆ పద్ధతి టోకు వ్యాపారుల మీద ప్రయోగించి చూశాను. నేను నోరు మూసుకోగానే వాళ్ళు ఫోను తీసి చూసుకోవడం మొదలుపెట్టారు.

ఏటా క్రిస్మస్‌కు ముందు వచ్చి, మా దుకాణంలోనే బేరమాడి కొని, ఆ గుడ్డతో నాకే చొక్కా కుట్టి తెచ్చేది. మా దగ్గర ఉండేదంతా జాకెట్టు గుడ్డే. అందువల్ల నేను బడికి నెమలికంఠం రంగు, వంకాయ రంగు, గోరింటాకు రంగు చొక్కాల్లో వెళ్ళాను. "ఒరేయ్, మీ అమ్మ చీర ఏడుందిరా?" అని అడిగేవాళ్ళు తోటివాళ్ళు. ఇంటికొచ్చి ఏడిస్తే, నాన్న "గుడ్డ మనదే, పైసలు మనకే వచ్చినయ్, కుట్టు ముఫత్. ఏడుపెందుకురా?" అనేవాడు. అమ్మ ఆ చొక్కాలు ఉతికి, దండెం మీద లోపలి వరసలో ఆరేసేది.

కొంచెం పెద్దయ్యాక అడిగాను, ఈ చొక్కాలేమిటని. అప్పుడు చెప్పింది ఆయమ్మ, ఆ పేరు కథ. వాక్యం చెప్పేటప్పుడు ఆమె భాష మారిపోయేది. గొంతులోకి పుస్తకం వచ్చేది.

"ఒక స్త్రీ గొడ్రాలై యుండెను. మందిరములో పెదవులు కదుపుచు ప్రార్థించుచుండగా, అక్కడి యాజకుడు ఆమె తాగి వచ్చినదనుకొనెను," అని మొదలుపెట్టి, మధ్యలోనే మనుషుల్లోకి దిగేది. "అంటే సూడు, ఏడుస్తున్నదో తాగిందో గూడ ఎరుకలేదు ఆ ముసలాయనకు. గామె అడిగింది. ఒక్క కొడుకును ఇయ్యి, ఇస్తే మళ్ళ నీకే ఇచ్చేస్త అన్నది. ఇచ్చిండు. పాలు మరిచినంక తీస్కపోయి మందిరంల ఇచ్చేసొచ్చింది. ఏడాదికొక్కసారి చిన్న అంగీ కుట్టి తీస్కపోయేది. గంతే, ఆమె తల్లితనమంత గా అంగీలనే ఉండె. గా పిల్లగాని పేరే ఇది. అడిగి తెచ్చుకున్నోడు."

నేను బేరగాళ్ళ పిల్లవాణ్ణి. నాకు ఆ కథలో తిరకాసు వెంటనే కనబడింది. "గదేం బేరం ఆయమ్మా? అడిగింది, తీసుకుంది, మళ్ళ వాపస్ ఇచ్చింది. చేతిలేం మిగిలింది?"

"పేరు మిగిలింది," అంది.

చాలా ఏళ్ళ తర్వాత, దుకాణం నా చేతికొచ్చాక, పాదిరి చదువు చదువుతున్న ఒక కుర్రాయన తన తెల్ల అంగీకి లోపలి గుడ్డ కోసం వచ్చాడు. గుడ్డ చించుతూ ఊరికే అడిగాను, సమూయేలు అంటే ఏమిటండీ అని. ఆయన ఉత్సాహంగా చెప్పాడు. హీబ్రూలో అది షెమూఏల్. 'ఏల్' అంటే దేవుడు, అందులో గొడవ లేదు. ముందున్న ముక్క దగ్గరే పండితులు కొట్టుకుంటున్నారు. అది 'షేమ్' అయితే పేరు. అప్పుడు దేవుని పేరు అని. 'షామా' నుంచి వస్తే వినడం. దేవుడు విన్నాడు అని. తల్లి చెప్పిన 'అడిగాను' అనే మాటకు హీబ్రూలో ధాతువు వేరట. అది లెక్కకు సౌలు అనే ఇంకో పేరుకు బాగా అతుకుతుందట. కథలో తల్లి చెప్పిన అర్థం, భాష లెక్కన చూస్తే, కచ్చితంగా కుదరదన్నమాట.

నాకు చెప్పలేని సంతోషం కలిగింది. ఆయమ్మతో ఒక్క బేరమైనా గెలవాలని ఎన్నాళ్ళ నుంచో ఉంది. ఆమె రాగానే అంతా ఒప్పజెప్పాను. చెంపకు ఆనించుకున్న తెల్ల రూబియా జాకెట్టు గుడ్డ తీయకుండానే విన్నది. ఆమె తెల్లచీరకు తెల్లజాకెట్టు కూడా మ్యాచింగు చూసేది. తెలుపులో ఎన్ని రకాలున్నాయో ఆమె వల్లే నాకు తెలిసింది. గుడ్డ పట్టుకుని వాకిట్లోకి, ఎండలోకి నడిచి, చీర అంచు పక్కన పెట్టి చూసి, తిరిగి వచ్చింది.

"సదువుకున్నోళ్ళ లెక్క తప్పుగాదు. కానీ బిడ్డా, నీ దుకాణం పేరుకు అర్థమేందని ఎదురు దుకాణపాయన్ని అడుగుతమా? కన్నామె ఏమన్నదో గదే అర్థం." గుడ్డ మడత పెడుతూ, "మూడు అర్థాలంటివి గద. ఒకలు అడగాలె, ఒకలు వినాలె, అప్పుడే పేరు వడ్తది. మూడు సరిపాయె. ఇంతకు ఈ గుడ్డ ఎంతకిస్తవ్?" అని నోరు మూసుకుంది.

చింపి ఇచ్చాను.

ఇక పెళ్ళి సంగతి. నాకు సంబంధం కుదిరింది. కార్డు అచ్చు వేయించాలంటే ముందు నన్ను తిరిగి కొనుక్కోవాలి. నాయనమ్మ అప్పటికి లేదు. ఆచారం ప్రకారం తవుడుకు తవుడు ఇచ్చి, ఆపైన ఆమె అడిగింది ఇవ్వాలి. చిక్కడపల్లిలో తవుడు అడిగితే ప్రతి కిరాణావాడూ తవుడు నూనె డబ్బా తీసి చూపించాడు, గుండెకు మంచిదని. నన్ను నేను కొనుక్కోవడానికి నేనే బండి వేసుకుని అంబర్‌పేట్‌లో పశువుల దాణా అమ్మేవాళ్ళ దాకా పోయాను. "ఎన్ని బర్లున్నయ్ అన్నా?" అని అడిగాడతను. ఒక్కటే, అదీ నేనే అని చెప్పలేదు.

ఆయమ్మ అప్పటికి ఆసుపత్రి మానేసి, అశోక్ నగర్‌లో ఉద్యోగ పరీక్షలకు చదువుకునే ఆడపిల్లల హాస్టల్లో మెట్ల కింద గదిలో ఉంటోంది. గేటు చూసుకోవడం, జ్వరమొచ్చిన పిల్లకు గంజి కాచిపెట్టడం, ఫలితాలు వచ్చేరోజు ఏడ్చేవాళ్ళ పక్కన కూర్చోవడం ఆమె పని. నేను, అమ్మ, నాన్న వెళ్ళాం. మంచం మీద మేము ముగ్గురం, కింద ఆమె.

తవుడు చేతిలోకి తీసుకుంది. కొంగులో ముడి వేసుకుంది. నాన్న పట్టుచీర పెట్టె ముందుకు జరిపాడు. ఆమె వెనక్కి జరిపింది. నాన్న చెవికమ్మల డబ్బీ తీశాడు. ఆమె దాని మూత కూడా తీయలేదు.

"మరేం గావాలె ఆయమ్మా? అడుగు. అడిగింది ఇచ్చేదే రివాజు," అన్నాడు నాన్న. ఆ మాట అన్నందుకు దుకాణదారుగా ఆయన తర్వాత చాలా బాధపడ్డాడు.

"పిల్లగాణ్ణి తీస్కపోండ్రి. పెండ్లి ఆపను. పేరు మాత్రం నేనియ్య. అది నేను పెట్టుకున్నది." అమ్మవైపు తిరిగింది. "ఒక్కటే అడుగుత చెల్లె. నేను పోయిన్నాడు చర్చిల పెట్టె మూసే ముంగట, కొడుకులు బిడ్డలు రాండ్రి అని పిలుస్తరు. మా తాన అట్ల పిలిచినప్పుడు ఎవలు లేవకపోతే, సప్పుడు లేని ఆ యాళ్ళను నేను ఎన్నిసార్లు చూసిన్నో. నాకు గట్ల గావద్దు. సమూయేలు అని పిలుస్తరు. ఒక్కసారి లేసి నిలవడమను. గంతే."

నాన్న నావైపు చూశాడు. నేను అమ్మవైపు చూశాను.

"నేను బతికుండంగనా?" అంది అమ్మ. "నా కొడుకు ఇంకో తల్లి శవం ముంగట కొడుకని నిలవడ్తడా అక్కా? ఇద్దర్ని నేను మట్టికి పంపిన. మూడోవాణ్ణి ఉత్తగ తవుడికిచ్చిన, ఊకె, మాటవరసకు. గిది నావల్ల గాదు."

ఆయమ్మ నోరు మూసుకుంది. దుకాణంలో చేసే పనే. ఆ గదిలో అది బేరంలా అనిపించలేదు. పైన మెట్ల మీద ఎవరో పిల్ల రాజ్యాంగ అధికరణాలు వల్లెవేస్తోంది. నాన్నకు దుకాణంలో అలవాటైన మాటే నోటికొచ్చింది. "సరే తియ్యి, తర్వాత చూద్దం." కొత్త సరుకు రానీ, రేపు రండి అని గిరాకీని పంపించే గొంతు అది.

"మంచిది సేటూ," అంది ఆయమ్మ. లేచి నా తలమీద చెయ్యి పెట్టి, ఆ చేత్తోనే నన్ను అమ్మవైపు కొంచెం తోసింది. "అడిగిన. ఇచ్చుడు మీ ఇష్టం."

పెళ్ళికి వచ్చింది. వెనక వరసలో కూర్చుని తిని వెళ్ళింది. ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. చొక్కాలు కుట్టడం ఆపేసింది. కళ్ళు కనబడటం లేదంది. అమ్మ మాత్రం ఆమె దుకాణానికి వస్తే, పైనున్న మా ఇంట్లోంచి దిగడం మానేసింది. పైనుంచి టీ పంపేది. గ్లాసు తిరిగొచ్చాక, మొత్తం తాగిందా అని అడిగేది. నాన్న పోయినప్పుడు ఆయమ్మ వచ్చి గేటు బయటే నిలబడి వెళ్ళిపోయింది.

చివరిసారి ఆమెను చూసింది హాస్టల్లోనే. పరీక్ష వాయిదా పడిందని పిల్లలంతా దిగాలుగా ఉన్నారు. ఒక పిల్ల ఆమె ఒళ్ళో తలపెట్టుకుని, "ఆయమ్మా, మీ దేవుణ్ణి అడుగవా," అంటోంది. "అడుగుత బిడ్డా. అడిగి అడిగి నోరే అలిసింది నాకు. ఆయనకు వినుడు అలుపు లేదేమో," అంది. నన్ను చూసి ఆ పిల్లతో, "నా కొడుకు. సమూయేలు. చిక్కడపల్లిల పెద్ద దుకాణం," అంది. నేను తల ఊపాను. కాదనలేదు, అవుననీ అనలేదు. అలాంటి తల ఊపడం మా వృత్తిలో మొదట నేర్చుకునేది.

కబురు హాస్టల్ పిల్లలే చేశారు. నేను చెప్పులు వేసుకుంటుంటే అమ్మ మెట్లు దిగి వచ్చింది, మోకాళ్ళు పట్టుకుని. "నేను గూడ వస్త," అంది. నాకు అర్థమైంది. నన్ను కాపలా కాయడానికే. ఇద్దరం ఆటోలో నారాయణగూడ చర్చికి బయలుదేరాం. నేను లోలోపల బేరమాడుకుంటూనే ఉన్నాను. అడిగిన మనిషి లేదు. ఇస్తామని ఎవరూ అనలేదు. వెనక వరసలో కూర్చుని దండం పెట్టి వచ్చేస్తే అమ్మకు బాధ లేదు, చచ్చినామెకు తెలిసేది లేదు. నష్టం లేని బేరం. ఇంత నష్టం లేని బేరం ఎక్కడో మోసం లేకుండా ఉండదని కూడా నాకు తెలుసు.

చర్చిలో హాస్టల్ పిల్లలే సగం నిండి ఉన్నారు, పుస్తకాల సంచులతోనే వచ్చారు. పాట అయింది. వాక్యం అయింది. పెట్టెలో ఆమె ఇంకా పొట్టిగా కనబడింది. తెల్లచీరకు తెల్లజాకెట్టు, ఎవరో తొందరలో కట్టారు, రెండు తెలుపులూ కలవలేదు.

చర్చి పెద్ద ఒకాయన లేచి నిలబడ్డాడు. "మన సహోదరి తనకు ఒక కుమారుడున్నాడని చెబుతుండేది. సమూయేలు గారు ఉంటే ముందుకు రావాలని కోరుతున్నాము."

ఎవరూ కదల్లేదు. ఆయమ్మ చెప్పిన ఆ నిశ్శబ్దం ఇదేనని నాకు తెలిసింది. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆరోజు ఆయమ్మ ఒళ్ళో తలపెట్టుకున్న పిల్ల తల తిప్పి నన్ను వెతుకుతోంది. నేను అమ్మవైపు చూడలేక నేలవైపు చూశాను. ఆయన ఇంకోసారి పిలిచాడు. తర్వాత, "రాలేకపోయి ఉంటారు," అని పక్కవాళ్ళకు సైగ చేశాడు. ఇద్దరు మూత ఎత్తారు.

"ఆగుండ్రి జర," అంది అమ్మ.

లేచి నిలబడింది. చర్చి అంతా వెనక్కి తిరిగింది. అమ్మ నా భుజం దగ్గర చొక్కా పట్టి గుంజింది.

"లే. అన్నిసార్లు పిలుస్తుంటే వినవడ్తలేదారా నీకు?"

లేచాను. ఎలా నడిచానో తెలియదు. పెట్టె దగ్గరికి వెళ్ళాక ఆ పెద్దాయన మెల్లగా, "మీరు?" అన్నాడు.

"సమూయేలును," అన్నాను. ఆ పేరు నాదని నా నోటితో అనడం అదే మొదలు.

ఆయన నన్ను పెట్టె తలవైపు నిలబెట్టాడు. అప్పుడు నా వెనకాలే, పిల్లల భుజాలు పట్టుకుంటూ, అమ్మ కూడా వచ్చింది. కొంగు తలమీదికి లాక్కుంది. పెట్టెలోకి వంగి, కలవని ఆ జాకెట్టు మీదికి ఆయమ్మ చీర కొంగు సర్దింది. చర్చి పెద్దకు ఆమె ఎవరో తెలియలేదు.

"అమ్మా, మీరు వీరికి ఏమవుతారు?"

అమ్మ పెట్టెలోకి ఒకసారి, నావైపు ఒకసారి చూసింది.

"వీణ్ణి ఆమెకు అమ్మినదాన్ని," అంది.

ఆయనకు అర్థం కాలేదు. అయినా పక్కకు జరిగి, నా పక్కన ఆమెకు చోటిచ్చాడు.